పెద్ద ఆపరేషన్‌లో ఏ సెలైన్? ఎక్కించే ముందు జాగ్రత్తలు

బరువు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష), సోడియం, పొటాషియం, ఎకోలో గుండె పంపింగ్ చూశాకే బాటిల్ తగిలించండి.

• మామూలుగా మొదటి ఎంపిక ఆర్‌ఎల్ (రింగర్స్ లాక్టేట్ ద్రావణం). నార్మల్ సెలైన్‌లో లీటరుకు 154 మిల్లీమోల్ క్లోరైడ్. రక్తంలో ఉండేది 100 చుట్టుపక్కలే. రెండు మూడు లీటర్లు ఎక్కేసరికి ఏబీజీలో (ధమని రక్త వాయువుల పరీక్ష) పీహెచ్ పడిపోతుంది, అంటే రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది. దాన్ని రక్తప్రసరణ తగ్గిందనుకుని మరో లీటరు నార్మల్ సెలైనే వదలడం తరచూ జరిగే పొరపాటు. ముందు క్లోరైడ్, లాక్టేట్ (రక్తప్రసరణ తగ్గితే పెరిగేది) చూడండి.

• కిడ్నీ రోగికి ఆర్‌ఎల్ అంటే భయమెందుకు? అందులో పొటాషియం లీటరుకు 4 మిల్లీమోల్ మాత్రమే. నార్మల్ సెలైన్ తెచ్చే అసిడోసిస్‌తోనే (రక్తంలో ఆమ్లత్వం పెరగడం) పొటాషియం పెరగొచ్చు.

• తలకు దెబ్బ, మెదడు ఆపరేషన్ అయితే మాత్రం నార్మల్ సెలైనే. ఆర్‌ఎల్ రక్తం కన్నా కాస్త పలుచన, మెదడు వాపు పెరగొచ్చు. వాంతులతో క్లోరైడ్ పోయినవారికీ నార్మల్ సెలైనే.

• రక్తం ఎక్కే లైన్‌లో ఆర్‌ఎల్ వద్దు. కాల్షియంతో గడ్డలు కట్టొచ్చు. సెఫ్ట్రియాక్సోన్ (యాంటీబయాటిక్) కూడా ఆర్‌ఎల్‌లో కలపకండి, తెల్లగా విరుగుతుంది.

• రక్తనష్టానికి 5 శాతం డెక్స్‌ట్రోజ్ పనికిరాదు. సెప్సిస్ (ఒళ్లంతా ప్రభావం చూపే తీవ్ర ఇన్ఫెక్షన్), కిడ్నీ జబ్బు ఉంటే స్టార్చ్ ద్రావణాలు ముట్టుకోవద్దు.

• బీపీ తగ్గితే 250 మి.లీ. 10–15 నిమిషాల్లో ఇచ్చి చూడండి. స్ట్రోక్ వాల్యూమ్ (గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం) 10 శాతమైనా పెరగకపోతే ఇంకో బాటిల్ కాదు, వాసోప్రెసర్ (రక్తనాళాలను బిగించి బీపీ పెంచే మందు) ఆలోచించండి.

• ఫ్లూయిడ్ వార్మర్ (సెలైన్‌ను వెచ్చబరిచే పరికరం) ఆన్‌లో ఉందా?