పేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత సీటీ స్కాన్‌కి వెళ్లే ముందు

కావలి, కందుకూరు నుంచి నెల్లూరు బస్సెక్కే ముందు ఇవి చూసుకోండి.

“బాగానే ఉన్నాగా” అని వాయిదా వేయొద్దు. జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా మొదటి 2–3 ఏళ్లలోనే. కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో నొప్పి లేకుండానే మొదలవ్వచ్చు.

పాత స్కాన్ సీడీలు తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. కోసి కుట్టిన చోట మానిన మచ్చ కూడా గడ్డలాగే కనిపించవచ్చు. పాత బొమ్మల పక్కన పెట్టి, పెరిగిందా లేదా చూస్తేనే తేడా తెలిసేది. మా ఇంట్లో సీడీ బీరువాలో మర్చిపోయి, మళ్లీ తిరిగాం.

క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు ఉంచుకోండి. స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నా, ఇదివరకు కాంట్రాస్ట్ పడకపోయినా ముందే చెప్పండి.

పెట్ స్కాన్ (గ్లూకోజ్ లాంటి మందు ఎక్కించి తీసే స్కాన్) అయితే షుగర్ అదుపులో ఉండాలి. 200 దాటితే చాలాచోట్ల ఆరోజుకి చేయరు.