కృష్ణా నదిని ఏళ్ల తరబడి ఫొటో తీయాలనుకునేవాళ్లకి

విజయవాడలో కృష్ణ ఫొటోలు తీసేవాళ్లకి ఒక చిట్కా, రోజుకో యాంగిల్ వెతక్కండి, ఒక్క చోటు పట్టుకుని ఏళ్ల తరబడి అక్కడినుంచే తీయండి. నేను సీతానగరం ఘాట్ నుంచి ప్రకాశం బ్యారేజీ, వెనక ఇంద్రకీలాద్రి కలిపి తీస్తా, 70 గేట్లలో ఒక గేటు పిల్లర్ ఎప్పుడూ ఫ్రేమ్ అంచుకి సరిగ్గా ఆనాలి, అదే నా గుర్తు. జూమ్ మార్చొద్దు. పాత ఫొటో ఒకటి ఫోన్లో తెరిచి పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

అసలు విషయం టైమ్. గడియారం చూసి తీస్తే కుదరదండీ, జనవరిలో ఆరున్నరకి ఇంకా సూర్యుడే రాడు, మే నెలలో అప్పటికే ఎండ చురుక్కుమంటుంది, అందుకే సూర్యోదయం అయిన అరగంటకి అని లెక్క పెట్టుకోండి, అప్పుడే వెలుగు ఏడాదంతా కాస్త దగ్గరగా ఉంటుంది.

ఏమీ జరగని మామూలు రోజుల్లో కూడా తీయండి ప్లీజ్. 2024 సెప్టెంబర్ వరదలో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది కదా, అలాంటి రోజు నీళ్లు ఎంత పైకొచ్చాయో తెలియాలంటే పక్కన పెట్టి చూడ్డానికి ఆ మామూలు రోజు ఫొటోనే కావాలి. వరదప్పుడు మాత్రం మెట్ల దగ్గరికి అస్సలు వెళ్లొద్దు.