హాస్య రచనలోంచి ముక్క తీసేటప్పుడు

ఒక హాస్య రచయిత రచనల్లోంచి ముక్కలు ఏరి సంకలనం చెయ్యడానికి నేను కూర్చున్నప్పుడు, నాకు నవ్వొచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోయాను. గీత పెట్టాల్సింది అక్కడ కాదు. నవ్వొచ్చిన చోటు నుంచి వెనక్కి చదువుకుంటూ వెళ్లి, దానికి విత్తనం పడ్డ వాక్యాన్ని పట్టుకోవాలి. ముక్క అక్కణ్ణుంచి మొదలవ్వాలి.

'కన్యాశుల్కం'లో "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్న మాట నాటకం చదవనివాళ్లకీ తెలుసు. ఏడంకాల పొడుగునా గిరీశం కోసిన కోతలన్నీ విన్నాక, చిట్టచివర అతని నోటే వచ్చే మాట అది. ఆ చివరి పేజీ ఒక్కటే అచ్చేస్తే, ఎవరో చిరాకుపడ్డాడని తప్ప ఏమీ తెలియదు. నేనైతే బొంకులదిబ్బ దగ్గర గిరీశం తనలో తాను మాట్లాడుకునే మొదటి రంగం తీసుకుంటాను. పూటకూళ్లమ్మ డబ్బు ఏం చేశాడో అతనే చెప్పుకుంటాడు కాబట్టి పరిచయం అక్కర్లేదు. ఏ ప్రతి నుంచి తీశారో మాత్రం తప్పకుండా రాయండి. 1897 నాటి కూర్పుకీ 1909 నాటి కూర్పుకీ చాలా తేడా ఉంది.

కుదించడంలో ఇంకా జాగ్రత్త కావాలి. నేను చేర్చిన ఒక కథలో ఓ పెద్దాయన ప్రతిదానికీ "నేనప్పుడే చెప్పాను" అంటాడు. నాలుగుసార్లు అంటాడు. అయిదోసారి నోరు మెదపడు. కథంతా ఆ మౌనంలోనే ఉంది. చోటు చాలక, ఎలాగూ అదే మాట కదా అని మధ్యలో రెండుసార్లు కొట్టేశాను. ప్రూఫు చదివిన స్నేహితుడు ఆ మౌనాన్ని గమనించకుండానే పేజీ తిప్పేశాడు. ఆ రెండూ మళ్లీ పెట్టించి, చోటు కోసం వేరే కథ తీసేశాను. సగం కథలు రెండు వెయ్యడం కన్నా నిండు కథ ఒకటి వెయ్యడమే రచయితకి మర్యాద.

ప్రూఫులు దిద్దేవారికి ముందే చెప్పి ఉంచండి: పాత్రల నోట వచ్చే తప్పు మాటలు తప్పులు కావు. పిల్లాడి ముద్దుపలుకుని పుస్తకభాషలోకి మారిస్తే పిల్లాడే మాయమైపోతాడు. అనుమానం వచ్చిన ప్రతిచోటా మూలప్రతి తెరిచి చూడాల్సిందే.

ముక్కకి ముందు రెండు వాక్యాల పరిచయం చాలు: ఎవరు ఎవరికి ఏమవుతారు, అంతవరకూ ఏం జరిగింది. "కడుపుబ్బ నవ్విస్తుంది" అని మాత్రం రాయకండి.

అచ్చుకిచ్చే ముందు, అసలు పుస్తకం చదవని మనిషికి ప్రతి ముక్కా పైకి చదివి వినిపించండి. మధ్యలో "ఆయనెవరు?" అని అడిగితే, పరిచయానికి ఇంకో వాక్యం చేర్చకండి. ముక్కనే రెండు పేజీలు వెనక నుంచి మొదలుపెట్టి మళ్లీ చదవండి.