మిద్దెతోటకు దోస విత్తనం కొనేముందు

☐ పప్పులోకా, పచ్చిగా తినడానికా? పప్పు, దోసావకాయలకైతే పసుపు రంగు కూర దోస, సలాడ్‌కైతే కీర. షాపులో పేరు స్పష్టంగా చెప్పండి.

☐ మేడ మీదికి తేనెటీగలు వస్తున్నాయా? అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పూసా ఉదయ్ లాంటి మామూలు కీర రకాలకు మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరాలి, లేదంటే పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. తేనెటీగలు రాని చోట, నెట్ కట్టిన చోట పరాగ సంపర్కం లేకుండానే కాసే పార్థినోకార్పిక్ కీర కొనండి. ధర ఎక్కువే, అయినా దండగ కాదు.

☐ వానాకాలం పంటా? బూజు తెగులును తట్టుకునే రకమేనా అని అడగండి.

☐ పందిరికి చోటు లేదా? పొట్టి తీగ రకం.

☐ ప్యాకెట్ మీద ఎఫ్‌1 (అంటే హైబ్రిడ్) అని ఉంటే ఆ కాయల విత్తనం దాచొద్దు, తర్వాతి పంట అలాగే రాదు. గడువు తేదీ కూడా చూడండి.