ఇంటి స్టూడియోలో తిప్పలు: ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చెయ్యాలి

వైజాగ్‌లో ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. ఎంవీపీ కాలనీలో మేడ మీద గది, గాజువాకలో అద్దె పోర్షన్‌లో ఒక మూల. ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు ఉంటే పని మొదలైపోతుంది. ఏదైనా తేడా వస్తే మాత్రం అందరి చెయ్యీ ముందు కొత్త ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే అదనపు టూల్) మీదికే పోతుంది. చాలా తిప్పలకు అసలు ప్లగిన్‌తో పనే ఉండదు. రికార్డింగ్‌లో కంప్యూటర్ వెంటనే పలకాలి, మిక్సింగ్‌లో ఎక్కువ బరువు మొయ్యాలి. ఈ రెండింటికీ కావలసిన సెట్టింగులు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకే సెట్టింగ్‌తో రెండు పనులూ లాగించేద్దాం అనుకున్నప్పుడే గొడవంతా.

“ఏటి గురూ, నా గొంతు నాకే ఎనకాల్నుంచి వస్తంది”

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న గాయకుడు ఈ మాట అన్నాడంటే బఫర్ సైజ్ చూడండి, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు ఎన్ని శాంపిళ్లు (శబ్దం ముక్కలు) పోగుచేసుకుంటోందో. 44,100 శాంపిల్ రేట్‌లో (సెకనుకు అన్ని శాంపిళ్లన్నమాట) బఫర్ 1024 ఉంటే ఒక వైపుకే 23 మిల్లీసెకన్లు పోతాయి. గొంతు లోపలికి వెళ్లి బయటికి రావాలి కాబట్టి దానికి రెట్టింపు. ఆ ఆలస్యంతో ఎంత తాళజ్ఞానం ఉన్నవాడైనా లాగి లాగి పాడతాడు, తప్పు అతనిది కాదు. బఫర్ 128కి దించితే ఒక వైపు సుమారు 3 మిల్లీసెకన్లే. విండోస్‌లో అయితే ఇంటర్‌ఫేస్ తయారుచేసిన కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవరే (ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్) వేసుకోండి. ఆసియో ఫర్ ఆల్ అనేది సొంత డ్రైవర్ లేనివాళ్లకు.

బఫర్ దించినా ఆలస్యం తగ్గలేదా? అన్ని ట్రాక్‌లూ వచ్చి కలిసే మాస్టర్ ట్రాక్ మీద ఏముందో చూడండి. లుక్ అహెడ్ ఉన్న లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది), లీనియర్ ఫేజ్ ఈక్యూ (బేస్, పైస్వరాల పాళ్లు సర్దేది) లాంటివి శబ్దాన్ని ముందే చదువుకోవాలి కాబట్టి కావాలనే ఆలస్యం చేస్తాయి. సగం మిక్స్ అయిన ప్రాజెక్టులో “ఒక్క లైన్ మళ్లీ పాడతాను” అన్నప్పుడు దొరికిపోయేది ఇక్కడే. బైపాస్ నొక్కినా కొన్ని ప్లగిన్లలో ఆ ఆలస్యం పోదు, పూర్తిగా ఆఫ్ చెయ్యాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లు లాజిక్‌లో లో లేటెన్సీ మోడ్, క్యూబేస్‌లో కన్‌స్ట్రెయిన్ డిలే కాంపెన్సేషన్ అనే బటన్లు ఉన్నది ఇందుకే.

గొంతు రెండుగా వినిపిస్తుంటే అది వేరే సంగతి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్, సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ మానిటర్ రెండూ ఆన్‌లో ఉన్నాయన్నమాట, ఒకటి ఆపండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాడుతున్నారా? దానికి మందు లేదు, వైరున్నవి తెచ్చుకోండి.

టప్ టప్, చిటపట

ముందు ఒక పరీక్ష. ఆ చోటును వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి వినండి. అందులో చిటపట లేకపోతే ఫైలు బాగానే ఉంది, ప్లే చేసేటప్పుడు కంప్యూటర్ అందుకోలేకపోతోంది. ఎక్స్‌పోర్ట్‌లో కూడా ఉంటే ట్రాక్‌లను ఒక్కొక్కటిగా సోలో చేసి వినండి: రికార్డింగ్‌లోనే పడిందో, మాస్టర్‌లో లెవెల్ దాటి క్లిప్ అవుతోందో తేలిపోతుంది.

మొదటి రకానికి, పాడటం అయిపోయిందిగా, బఫర్ 1024కి ఎత్తెయ్యండి. బరువైన సింథ్‌లు, శాంపిల్ లైబ్రరీలు ఉన్న ట్రాక్‌లను ఫ్రీజ్ చెయ్యండి (తాత్కాలికంగా ఆడియోగా మార్చి బరువు దించడం). ప్రతి ట్రాక్ మీదా ఒక రివర్బ్ (గది మోత ఇచ్చే ప్లగిన్) పెట్టేకంటే ఒకే రివర్బ్‌ను సెండ్ ట్రాక్‌లో పెట్టి అందరికీ పంచితే కంప్యూటర్‌కూ ఊపిరాడుతుంది, పాట అంతా ఒకే గదిలో పాడినట్టూ ఉంటుంది. విండోస్‌లో పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. అప్పటికీ తగ్గకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూపిస్తుంది. చాలాసార్లు దొంగ వైఫై డ్రైవరే.

మన ఊరికి ప్రత్యేకమైనది ఇంకోటుంది. మే నెలలో మైకులోకి చప్పుడు రాకూడదని ఏసీ ఆపుతాం, ఫ్యాన్ ఆపుతాం, కిటికీలు మూస్తాం. కాసేపటికి గది ఉడికిపోతుంది, ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున్న బాగా నడిచిన ప్రాజెక్ట్ మధ్యాహ్నానికి చిటపటలాడుతోందంటే సాఫ్ట్‌వేర్‌ను తిట్టకండి. ల్యాప్‌టాప్ వెనక భాగం ఎత్తుగా పెట్టండి, టేక్‌కీ టేక్‌కీ మధ్య ఏసీ వెయ్యండి. పాడించేటప్పుడు మొత్తం ప్రాజెక్ట్ తెరవక్కర్లేదు. గొంతు లేకుండా వాద్యాలన్నీ కలిపి ఒక్క స్టీరియో ఫైల్‌గా తీసి, ఖాళీ ప్రాజెక్టులో దాని మీద పాడించండి. పని పద్ధతిలో ఒక్కటే మార్చుకోగలిగితే ఇది మార్చుకోండి.

హమ్, గరగర

అడుగున ఆగకుండా “మ్‌మ్” అని మోగుతుంటే అది మన కరెంటుది, 50 హెర్ట్జ్, దానితోపాటు 100, 150. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. హమ్ పోయిందా, దోషం అక్కడే. అన్నిటినీ ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి, స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ కేబుల్ (హమ్‌ను అడ్డుకునే రకం) వాడండి. ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు, ఆ మాట వినకండి. షాక్ కొడుతుంది.

కేబుల్ కదిపినప్పుడే గరగరమంటే అది ఉప్పుగాలి పని కావచ్చు. పెద వాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్లలో జాక్‌లు, నాబ్‌లు తొందరగా మసిబారతాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి జాక్‌ను నాలుగైదుసార్లు తీసి పెట్టండి. మైకును సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచండి.

శ్రుతి కలవడం లేదు

ఇక్కడ రెండు కారణాలుంటాయి, కలిపేసుకుంటే రోజంతా పోతుంది. పాట మొత్తం స్వరం ఒకటిన్నర మెట్టు దాకా పైకెక్కి, వేగం కూడా పెరిగిందా? 44,100లో చేసిన ఫైలు 48,000లో నడుస్తోంది. వీడియోవాళ్లు 48,000 వాడతారు, పాటలవాళ్లు ఎక్కువగా 44,100. ప్రాజెక్ట్, ఇంటర్‌ఫేస్ రెండింటి రేటూ ఒకటే ఉండేలా చూసి ఫైలును మళ్లీ ఇంపోర్ట్ చెయ్యండి.

వేగం సరిగానే ఉండి మృదంగమో తబలానో మాత్రమే దిగిందంటే అది తేమ. చర్మం చెమ్మ పీల్చి వదులవుతుంది. పొద్దున్న వాయించినదీ సాయంత్రం వాయించినదీ అతుక్కోవు. కాబట్టి ప్రతి టేక్ ముందు శ్రుతి చూసుకోవాలి, సెషన్ మొదట్లోనే తంబూరా శ్రుతి కాస్త రికార్డు చేసి పెట్టుకోవాలి. తేడా కొద్ది సెంట్లయితే (సెంటు అంటే ఒక మెట్టులో నూరో వంతు) సాఫ్ట్‌వేర్‌లో సర్దొచ్చు. అంతకు మించితే తోలు చప్పుడు ప్లాస్టిక్‌లా మారిపోతుంది, మళ్లీ వాయించమనడమే మేలు.

తప్పెటగుళ్ల దరువు చచ్చిపోయింది

దెబ్బలను లెక్క గీతల మీదికి లాగే క్వాంటైజ్‌ను 100 శాతం పెట్టారు, అంతే. ఉత్తరాంధ్ర దరువులో అందమంతా దెబ్బ కాస్త ముందుకీ వెనక్కీ ఊగడంలో ఉంది. కళాకారులను క్లిక్‌కి (హెడ్‌ఫోన్స్‌లో మోగే తాళం టిక్ టిక్) కట్టెయ్యకండి. వాళ్లను స్వేచ్ఛగా వాయించనిచ్చి, టెంపో మ్యాప్‌ను (పాటలో వేగం ఎలా మారుతోందో చూపే గీత) వాళ్ల దరువు మీద గియ్యండి. కీబోర్డు, బేస్ దాన్ని అనుసరిస్తాయి.

గదిలో బేస్ చాలలేదు, కారులో అద్దాలు అదురుతున్నాయి

చెవులు బాగానే ఉన్నాయి, కుర్చీ వేసిన చోటు బాలేదు. 10 అడుగుల గదిలో 56 హెర్ట్జ్ దగ్గర ధ్వని గోడకూ గోడకూ మధ్య నిలబడిపోతుంది, సరిగ్గా నడిమధ్యన కూర్చుంటే అది దాదాపు వినపడదు. వినపడలేదని మీరు పెంచుతూ పోతారు. కుర్చీని మధ్య నుంచి జరపండి. అంగుళం ఫోమ్ అంటిస్తే పైస్వరాల మోత తగ్గుతుందే గానీ బేస్‌ను అది ముట్టుకోదు. మీకు బాగా తెలిసిన పాటను అదే వాల్యూమ్‌లో పక్కన పెట్టుకుని పోల్చండి, తర్వాత ఫోన్ స్పీకర్‌లో మోనోగా వినండి. మోనోలో గొంతో గిటారో మాయమైతే ఫేజ్ తేడా, అంటే ఎడమా కుడీ శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం, ఉన్నట్టే.

లౌడ్‌నెస్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. స్పాటిఫై, యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (వినికిడి మోత కొలత) తగ్గించేస్తాయి. లిమిటర్‌తో పిండేస్తే మీకు మిగిలేది నలిగిన డ్రమ్సే.

“ఫైల్స్ మిస్సింగ్”

వాట్సాప్‌లో వచ్చిన లూప్‌ను డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచే లాగి వాడేస్తే ఇదే గతి. ఫోల్డర్ ఖాళీ చేసిన రోజున పాట మూగబోతుంది. ఏబుల్టన్‌లో కలెక్ట్ ఆల్ అండ్ సేవ్, ఎఫ్‌ఎల్ స్టూడియోలో జిప్డ్ లూప్ ప్యాకేజ్, రీపర్‌లో సేవ్ యాజ్ చేసేటప్పుడు మీడియా కాపీ చేసే టిక్కు ఉంటాయి. రోజు పని ముగిసినప్పుడు ఒకసారి చెయ్యండి. ఆటోసేవ్ ఎలాగూ ఉండాలి, వేసవి కరెంటు కోతల సంగతి తెలిసిందేగా.

మిక్సింగ్‌కి హైదరాబాద్ పంపేటట్టయితే ప్రాజెక్ట్ పంపొద్దు, స్టెమ్స్ (విడివిడిగా తీసిన ఆడియో ఫైళ్లు) పంపండి. గాయని రెండో చరణంలో ఒక్క హమ్మింగే పాడినా ఆ ఫైలు కూడా పాట మొదటి బార్ నుంచే మొదలవ్వాలి. 24 బిట్ వేవ్, మాస్టర్ లిమిటర్ ఆఫ్. టెంపో, శాంపిల్ రేట్ ఫోల్డర్ పేరులోనే రాసెయ్యండి.