స్టేడియం పేరు అమ్మకం: ఒప్పందంలో ఏం రాసుకోవాలి

డబ్బు తీసుకుని స్టేడియానికి ఒక కంపెనీ పేరు పెట్టడమే పేరు అమ్మకం. అమెరికాలో చాలా బేస్‌బాల్ స్టేడియాలు కౌంటీవో (జిల్లా లాంటిది), ప్రభుత్వ సంస్థవో. జట్టు లీజుకు ఉంటుంది. పేరు అమ్ముకునే హక్కు, దాని రాబడి ఎవరివో లీజులో విడిగా రాసి లేకపోతే బేరం మొదలుపెట్టకండి.

కొనేవాళ్లను కట్టడం పూర్తి కాకముందే వెతకాలి. జనం నోట పాత పేరు నిలిచిపోయాక ఎంత పెద్ద బోర్డు పెట్టినా లాభం తక్కువ. న్యూయార్క్ మెట్స్ జట్టు సిటీగ్రూప్ బ్యాంకుతో సిటీ ఫీల్డ్ ఒప్పందాన్ని 2006లోనే ప్రకటించింది, స్టేడియం తెరిచింది 2009లో. ఏడాదికి 2 కోట్ల డాలర్లు, 20 ఏళ్లు. రుసుముకు ఏటా పెంపు పెట్టుకోండి: 50 లక్షల డాలర్లతో మొదలై ఏటా 3 శాతం పెరిగితే 20వ ఏట సుమారు 87.7 లక్షలు వస్తాయి.

అందరూ ధర దగ్గరే కొట్టుకుంటారు గానీ, అసలు దెబ్బ తగిలేది ఒప్పందం నుంచి బయటపడాల్సి వచ్చినప్పుడు. హ్యూస్టన్‌లో ఇంధన కంపెనీ ఎన్రాన్ పేరుతో ఎన్రాన్ ఫీల్డ్ 2000లో మొదలైంది. 30 ఏళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం. 2001 డిసెంబరులో ఎన్రాన్ దివాలా తీసింది. మరుసటి ఏడాది జట్టే 21 లక్షల డాలర్లు ఎదురిచ్చి పేరు విడిపించుకుంది.

"దివాలా తీస్తే ఒప్పందం రద్దు" అని రాసుకుంటే సరిపోదా? అమెరికా దివాలా చట్టం సాధారణంగా ఆ షరతును చెల్లనివ్వదు. పిటిషన్ పడ్డాక కోర్టు అనుమతి లేకుండా రద్దు చేయలేరు. అందుకే రద్దు హక్కును ముందే కనిపించే లక్షణాలకు ముడిపెట్టండి: క్రెడిట్ రేటింగ్ (అప్పు తీర్చగల సత్తాకు ఇచ్చే గ్రేడు) పెట్టుబడికి తగిన స్థాయి కంటే పడిపోవడం, వాయిదా ఆలస్యం కావడం, పెద్ద అధికారులపై నేరాభియోగాలు. నోటీసు గడువు 10 రోజులు దాటనివ్వకండి. ఒక ఏడాది రుసుముకు బ్యాంకు గ్యారంటీ కూడా తీసుకోండి.

విలీనాలు దివాలా కంటే మామూలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో టెలిఫోన్ కంపెనీల విలీనాల వల్ల ఒకే స్టేడియానికి పసిఫిక్ బెల్, ఎస్‌బీసీ, ఏటీ అండ్ టీ అని 2000 నుంచి 2006 లోపే మూడు పేర్లు. అట్లాంటాలో బ్యాంకు విలీనం వల్ల సన్‌ట్రస్ట్ పార్క్ మూడేళ్లకే ట్రూయిస్ట్ పార్క్ అయింది. పేరు మారిస్తే బోర్డులు, టికెట్లు, సిబ్బంది దుస్తులు, మ్యాపుల ఖర్చంతా కంపెనీదే అని రాయండి. మార్పు ఆటలు లేని నవంబరు-ఫిబ్రవరి మధ్యే జరగాలి. హైవే బోర్డులు రాష్ట్ర రవాణా శాఖ చేతిలో ఉంటాయి, వాటికి ఫలానా తేదీ అని మాట ఇవ్వకండి.

బ్యాంకు పేరు పెడితే వేరే బ్యాంకు ప్రకటన కనబడకూడదంటారు. సరే అనేముందు లీగ్ స్పాన్సర్లను, జాతీయ ప్రసారంలో హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక టీవీవాళ్లు చూపే ప్రకటనలను మినహాయించండి. అవి మీ చేతిలో లేవు.