బానెట్ కింద వైర్ల చిక్కు కనపడకుండా సర్దడం ఎలా?

పాత హోండా సిటీ 1.5 వీటెక్ బానెట్ ఎత్తి చూసినవాళ్ళకి ఈ బాధ తెలుసు. 2000ల మొదట్లో 106 హార్స్‌పవర్‌తో మన కుర్రకారుని ఊపేసిన ఇంజిన్ అది. కానీ ఇప్పుడు ఏ బండి బానెట్ ఎత్తినా ముందు కనపడేవి వైర్లే. ఎవరో వేయించిన హారన్ వైరు, ఇంకెవరో వేయించిన ఫాగ్ ల్యాంప్ వైరు, పాత ఓనరు బండి అమ్మేస్తూ పీకకుండా వదిలేసిన అలారం వైరు, అన్నీ కలిసి పండగయ్యాక అట్టపెట్టెలో కుక్కిన సీరియల్ లైట్లలా ఉంటాయి. అమెరికాలో పాత హోండా సివిక్‌ల మీద మోజున్న కుర్రాళ్ళు ఈ చిక్కునంతా మడ్‌గార్డుల్లోకి, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ) వెనక్కి తోసేసి, ఇంజిన్ ఒక్కటే కనపడేలా చేస్తారు. వాళ్ళు దీన్ని వైర్ టక్ అంటారు. చొక్కా టక్ చేసుకున్నట్టే అన్నమాట.

నా సిటీకి నేనే చేసుకున్నాను. రెండు ఆదివారాల పని అనుకుంటే ఆరు పట్టాయి. అందులో వైర్లు దాచడానికి పట్టింది ఒక్క ఆదివారమే. మిగతా అయిదూ పీకడానికి, కొలవడానికి, నా తప్పు నేనే వెతుక్కోవడానికి సరిపోయాయి. మీ లెక్క కూడా అలాగే వేసుకోండి. వారంటీలో ఉన్న కొత్త బండి అయితే ఈ పని జోలికే వెళ్ళొద్దు.

ముట్టుకునే ముందు

బండికి సంబంధించిన వైరింగ్ డయాగ్రామ్ దగ్గర లేకపోతే మొదలుపెట్టకండి. రంగు చూసి గుర్తుపట్టేద్దాం అనుకుంటే కుదరదు. ఇరవై ఏళ్ళ వేడికి, మట్టికి ఎరుపు, గోధుమ, నారింజ ఒకేలా కనపడతాయి.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసేయండి. తర్వాత ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. ప్రతి కప్లర్‌కీ, అంటే వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గుకీ, ఒకటి దగ్గర నుంచి, ఒకటి దూరం నుంచి. ప్రతి కప్లర్‌కీ పేపర్ టేపు చుట్టి బాల్‌పెన్‌తో పేరు రాయండి. స్కెచ్ పెన్ను గ్రీజు తగిలితే చెరిగిపోతుంది. పసుపు కప్లర్లు, పసుపు స్లీవ్ కనపడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని ఉన్నచోటే ఉండనివ్వండి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) వైర్లూ అంతే.

దాచకముందు పీకండి

చచ్చిన వైర్లని దాచడం కన్నా దండగ పని లేదు. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ దగ్గర మొదలుపెట్టండి. కంపెనీ ఇచ్చినవి పోగా అక్కడ బిగించినవన్నీ బయటివాళ్ళు వేసినవే. ఒక్కో వైరు పట్టుకుని చివరిదాకా వెళ్ళండి. అనుమానం వస్తే మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి రెండు చివరలూ చూడండి. నా బండిలో అలా పీకినవి ఒక క్యారీబ్యాగ్ నిండాయి. ఒక వైరు హెడ్‌లైట్ దగ్గర నుంచి బయలుదేరి, బానెట్ అంచు చుట్టూ తిరిగి, మళ్ళీ హెడ్‌లైట్ దగ్గరికే వచ్చి ఆగింది. ఎందుకో ఈ రోజుకీ అర్థం కాలేదు.

కొందరు ఎలక్ట్రీషియన్లు అసలు వైరు మీద తొక్క గీరి, కొత్త వైరు చుట్టి, టేపు వేసేస్తారు. అలాంటి చోట కొత్త వైరు పీకేస్తే సరిపోదు. గీరిన రాగి కింద పచ్చబడిపోయి ఉంటుంది. ఆ ముక్క కోసేసి మళ్ళీ జాయింటు వేయాల్సిందే.

ఇంతవరకు చేసి ఒకసారి బానెట్ కిందికి చూడండి. చాలామందికి ఇక్కడితోనే సరిపోతుంది. ఉన్న వైర్లకి కొత్త టేపు చుట్టి, క్లిప్పులు పెట్టి ఆపేసినా బండి బాగానే కనపడుతుంది.

దారి వెతకడం

ఇంకా ముందుకెళ్ళాలనుకుంటే వైర్లు దాక్కునే చోట్లు మూడే: మడ్‌గార్డ్ లోపల, ఫైర్‌వాల్ పైన వైపర్ల కింద ఉండే గూడులో, పక్కన ఛాసిస్ పట్టీ చాటున. హెడ్‌లైట్, హారన్, ఇండికేటర్ వైర్లు మడ్‌గార్డ్‌లోకి వెళ్తాయి. ఇంజిన్ వైర్లు ఫైర్‌వాల్ వైపు నుంచే రావాలి. చాలా పాత హోండాల్లో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) క్యాబిన్ లోపల డ్యాష్‌బోర్డ్ కిందే ఉంటుంది కాబట్టి అది దగ్గర దారి కూడా.

వైరు కోసే ముందు పురికొస తీసుకుని ఆ దారి వెంట నడిపించండి. ప్రతి మలుపులో వేలు పెట్టి వంచి, రెండు చివరలా ముడేసి, బయటికి తీసి కొలవండి. టేపుతో గాల్లో కొలిస్తే మలుపుల దగ్గర తప్పుతుంది. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే వైర్లకి నాలుగు వేళ్ళ వెడల్పంత వదులు ఉంచండి. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుంది. బిగుతుగా కట్టిన వైరు ఆ ఊపుకి కప్లర్ దగ్గర తెగుతుంది, అదీ లోపల రాగి మాత్రమే తెగి, పైన తొక్క బాగానే కనపడుతుంది.

మడ్‌గార్డ్ లోపల టైరు ఉంటుందని మరవొద్దు. స్టీరింగ్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి, టైరు పైకి లేచినప్పుడు ఎంతదాకా వస్తుందో చూసుకోండి. ప్లాస్టిక్ లైనర్ లేని బండి అయితే ముందు అది వేయించండి. కప్లర్ మూతి కిందికి ఉండాలి, వైరు కింద నుంచి పైకి వెళ్ళి దూరాలి. అప్పుడు వానాకాలం నీళ్ళు వైరు వెంట జారి కిందే కారిపోతాయి, కప్లర్‌లోకి పోవు. రేకుకి బెజ్జం వేస్తే అంచు ఆకురాయితో నున్నగా రాసి, ప్రైమర్ పూసి, రబ్బరు గ్రోమెట్ పెట్టాలి. గ్రోమెట్ లేని బెజ్జం అంటే రంపం పళ్ళ మధ్య వైరు పెట్టినట్టే.

సైలెన్సర్ మ్యానిఫోల్డ్‌కి జానెడు దూరంలో ఏ వైరూ ఉండకూడదు. తప్పకపోతే ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడగండి. బండి ఆపాక కాసేపు బానెట్ కింద వేడి తగ్గదు సరికదా పెరుగుతుంది. గాలి ఆడదు కదా. సెన్సార్ వైర్లని స్పార్క్ ప్లగ్ వైర్ల పక్కన కట్టకండి, సిగ్నల్ చెడుతుంది.

వైరు పొడిగించడం

కప్లర్‌లోంచి పిన్ను బయటికి తీసి, వైరు మొత్తం మార్చగలిగితే అదే మేలు. ముందు కప్లర్ లాక్ ఎత్తి, సన్నని స్క్రూడ్రైవర్‌తో లోపలి నాలుకని నొక్కి పట్టుకుని, వెనక నుంచి వైరు మెల్లగా లాగాలి. బలం వాడాల్సి వస్తోందంటే నాలుక ఇంకా వదల్లేదని అర్థం.

జాయింటు తప్పకపోతే నేను టంకం పెట్టను. టంకం పాకిన చోట రాగి పోగులు పుల్లలా బిగుసుకుపోతాయి, ఊగే చోట సరిగ్గా ఆ అంచున విరుగుతాయి. రాగి స్లీవ్ పెట్టి సరైన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, పట్టుకుని గట్టిగా లాగి చూడండి. ఊడకపోతే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం) తొడిగి వేడి చేయండి. రెండు చివరలా జిగురు కొద్దిగా ఉబికి బయటికి రావాలి. అప్పుడే నీళ్ళు దూరవు. హీట్ ష్రింక్‌ని వైరుకి ముందే తొడుక్కోవాలి, ఇది చెప్పాల్సిన మాటా అనుకోకండి, నేను మూడుసార్లు మర్చిపోయాను. పక్కపక్క వైర్ల జాయింట్లు ఒకేచోట రాకుండా రెండు వేళ్ళ ఎడం ఇవ్వండి, లేదంటే కట్ట అక్కడ కొండచిలువ మింగిన మేకలా ఉబ్బుతుంది. చెయ్యి పట్టని చోట మాత్రం అసలు జాయింటే వద్దు.

ఇళ్ళకి వేసే వైరు వాడొద్దు. ఆటోమోటివ్ వైరని అడిగి తీసుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ రాణీగంజ్‌లో మీటర్ల లెక్కన ఇస్తారు. హీట్ ష్రింక్, స్లీవ్‌ల కోసం కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. సెన్సార్లకి పాతది ఎంత మందం ఉంటే అంతే, హెడ్‌లైట్లకి, రేడియేటర్ ఫ్యానుకి 2.5 స్క్వేర్ ఎంఎం. జాలీ తొడుగున్న సెన్సార్ వైర్లని, మెలితిప్పిన జత వైర్లని పొడిగించకండి. అవి అలా ఉండటానికి కారణం ఉంది.

బ్యాటరీని డిక్కీలోకి మార్చాలన్న సరదా చాలామందికి ఉంటుంది. లెక్క చూడండి. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. అయిదు మీటర్ల 16 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్‌లో దాదాపు 0.8 వోల్టులు దారిలోనే పోతాయి. 35 స్క్వేర్ ఎంఎం వేస్తే 0.4 కూడా పోదు. కేబుల్ లావుగా వేసి, బ్యాటరీకి జానెడు లోపే పెద్ద ఫ్యూజు పెట్టండి. ఆ ఫ్యూజు లేకుండా బండి పొడవునా కేబుల్ లాగితే, ఎక్కడ రేకుకి ఒరుసుకున్నా నిప్పే. మామూలు యాసిడ్ బ్యాటరీ డిక్కీలో వద్దు, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. యాసిడ్ ఒలకని సీల్డ్ ఏజీఎం బ్యాటరీ పెట్టండి.

ఎర్త్ దగ్గర నేను బోల్తా పడింది

అంతా అయింది, తాళం తిప్పాను. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోదు. ఫ్యూజులు చూశాను, రిలేలు చూశాను, ప్లగ్గులు విప్పాను. ఆదివారం మొత్తం పోయింది. చివరికి ఫోటోలు తిరగేస్తుంటే థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఒక చిన్న బోల్టుకి రెండు నల్ల వైర్లు కనపడ్డాయి. ఈసీయూ ఎర్త్ అక్కడే ఉంటుంది, చాలా పాత హోండాల్లో అంతే. పెయింటు వేసేటప్పుడు తీసి, మళ్ళీ పెట్టలేదు. పెట్టగానే అర తాళానికే స్టార్టయింది.

కాబట్టి ఎర్త్‌లన్నీ లెక్కపెట్టి రాసుకోండి. ఒక్కోదాని కింద పెయింటు గీరి, మెరిసే రేకు మీద లగ్గు బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. తర్వాత మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక కొస ఇంజిన్ మీద, ఇంకొకటి బ్యాటరీ నెగటివ్ మీద ఉంచి, ఇంట్లో ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. 0.5 చూపిస్తే మళ్ళీ విప్పాల్సిందే.

టేపు చివర్లో

ఇదంతా పరీక్షించాకే టేపు. అప్పటిదాకా ట్యాగులతో వదులుగా కట్టి ఉంచండి. మామూలు కరెంటు టేపు ఒక్క ఎండాకాలానికే జిగురు కారి చేతికంటుతుంది. బండ్లకి వాడే వేడి తట్టుకునే క్లాత్ టేపు తీసుకుని, సగం మీద సగం పడేలా చుట్టుకుంటూ రండి. ఫైర్‌వాల్ దగ్గర ముడతల స్లీవ్ తొడగండి.

500 కిలోమీటర్లు తిరిగాక లైనర్ విప్పి ఒకసారి చూడండి. ఎక్కడైనా టేపు మీద నున్నటి మెరుపు కనపడితే అక్కడ ఏదో ఒరుసుకుంటోందన్నమాట. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టే బండి అయితే ఎలుకల సంగతీ చూసుకోవాలి. పైన వైరు కొరికితే మర్నాడే తెలుస్తుంది, మడ్‌గార్డ్‌లో కొరికితే హెడ్‌లైట్ ఆరిపోయేదాకా తెలీదు. అప్పుడు మీ ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తి, "వైరింగ్ ఎక్కడుంది సార్?" అంటాడు. అందుకని ఏ వైరు ఏ దారిన పోతుందో, జాయింట్లు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద బొమ్మ గీసి, లామినేట్ చేయించి, ఫ్యూజ్ బాక్స్ మూత లోపల అంటించండి.